మూడో విజిల్ ముప్పు

ఒక ఊరు నాగరికమైనదా కాదా అన్నది అక్కడి జనం ఎంత ఆరోగ్యంగా ఉన్నారన్న దాన్నిబట్టి కాదు, ఎంత పద్ధతిగా భయపడుతున్నారన్న దాన్నిబట్టి తేల్చాలి. ఆ లెక్కన ఈ కథ జరిగిన ఊరు మిగతా ఊళ్ళన్నిటికన్నా నాలుగు మెట్లు పైనే ఉంది. అక్కడ భయాల కోసం ఏకంగా ఒక శాఖే ఉంది. దాని పూర్తి పేరు ప్రజా ఆందోళనల స్వీకరణ, పరిశీలన, పరిరక్షణ శాఖ. (పరిరక్షించేది ప్రజలను కాదు, ఆందోళనలను. ఈ సంగతి శాఖ పుట్టిననాటి ఉత్తర్వులోనే స్పష్టంగా ఉంది. ఎవరూ చదవలేదు.)

ఆ భవనంలోనే కింది అంతస్తులో, మెట్ల వెనక, ఆహార పరీక్షా కేంద్రం ఉంది. అందులో ఉన్న ఏకైక కెమిస్టుకు ఏం జరిగిందన్నదే ఈ కథ. పాలలో నీళ్ళెన్ని, కారంలో ఇటుకపొడి ఎంత అని పదహారేళ్ళుగా తేలుస్తున్న మనిషి ఆమె. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటాయి. మాట మాత్రం ఎప్పుడూ జారదు. వానలో తడుస్తూ నిలబడి "వాన పడుతోందా అండీ?" అని ఎవరైనా అడిగితే, "పడుతున్నట్టే ఉంది" అనే రకం.

ఇంట్లో ఆమె అత్తగారు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆవిడ రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు. ముప్పై ఏళ్ళపాటు ఊరి కబుర్లను ఒకరి నుంచి ఇంకొకరికి కలిపిన చేతులు ఖాళీగా ఉండమంటే ఉంటాయా? ఇప్పుడు తన ఫోనుకు వచ్చిన ప్రతి కబురునూ ఊరందరికీ కలుపుతుంటారు. ఆ కబురు నిజమా అబద్ధమా అని చూడరు. (ఆపరేటరు మధ్యలో వినకూడదన్నది అప్పట్లో నిబంధన. పాటించేవారు కాదనుకోండి.)

ఒక మంగళవారం పొద్దున ఆవిడ పరుగున వంటింట్లోకి వచ్చి స్టవ్ కట్టేశారు.

"ఏమైంది అత్తయ్యా?"

"రెండు విజిల్సయ్యాయి. మూడోది వచ్చేస్తోంది!"

"రానివ్వండి. గింజలు ఉడకాలిగా."

"అదే వద్దంటున్నా. ఇది చదువు ముందు."

కెమిస్టు కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివింది. మూడో విజిల్ దగ్గర కుక్కర్లోని ఆవిరి తన గుణం మార్చుకుంటుందట. అలా మారిన ఆవిరి ముందు మోకాళ్ళలోకి, అక్కణ్ణుంచి జ్ఞాపకశక్తిలోకి వెళుతుందట. ఈ సంగతి విదేశీ శాస్త్రవేత్తలు కనిపెడితే పెద్ద కంపెనీలు తొక్కిపెట్టాయట. మీ వాళ్ళంటే మీకు ప్రేమ ఉంటే వెంటనే అందరికీ పంపండి అని చివర్లో ఉంది. దాని కింద ఒకాయన కుక్కర్ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న వీడియో.

"ఏ దేశం శాస్త్రవేత్తలు అత్తయ్యా?"

"విదేశీ."

"అదే, ఏ విదేశం?"

"విదేశమంటే విదేశమే అమ్మాయ్. దానికి మళ్ళీ దేశమేమిటి?"

"ఆవిరికి లెక్కపెట్టడం రాదండీ. తను బయటికి పోవడం మూడోసారని దానికి తెలీదు."

అత్తగారు కోడలి వంక జాలిగా చూశారు. "దానికి తెలీదని నీకు తెలుసా?"

ఆవిడ కొడుకు, అంటే కెమిస్టు భర్త, పొలాల హద్దులు కొలిచే సర్వేయరు. వృత్తిరీత్యా ఏ గొడవలోనైనా మధ్యలో గీత గీయడం అలవాటు. "ఇద్దరు చెప్పేదాంట్లోనూ పాయింటుంది" అనేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు మేడ మీదికి వెళ్ళాక, కెమిస్టు వంటింటి తలుపులు మూసి మిగతా విజిల్సన్నీ దొంగతనంగా వేయించింది.

శుక్రవారానికల్లా శాఖ ముందు వరస వీధి మలుపు దాటింది. ఒకటో కౌంటరు కొత్త భయాలకు. రెండోది పాత భయాల పునరుద్ధరణకు. మూడోది, దేనికి భయపడుతున్నామో గుర్తులేనివారికి. (మూడో కౌంటరు ముందు ఆ వారం విపరీతమైన రద్దీ. జ్ఞాపకశక్తి మీద మూడో విజిల్ ప్రభావానికి ఇదే తొలి రుజువని పత్రికలు రాశాయి.) ఫైలు మెట్లు దిగి కెమిస్టు బల్ల మీదికి వచ్చింది.

ఆమె తొమ్మిది కుక్కర్లు తెప్పించింది. ఒక్కో విజిల్ దగ్గరా ఆవిరి పట్టింది, చల్లార్చింది, పరీక్షించింది, రాసుకుంది. ఒకటో విజిల్లో నీటి ఆవిరి. రెండో విజిల్లో నీటి ఆవిరి. మూడో విజిల్ వినబడగానే పై అంతస్తులవాళ్ళంతా కాళ్ళకు బుద్ధి చెప్పి వీధిలో పడ్డారు. మూడో విజిల్లోనూ నీటి ఆవిరే. ఈ పరీక్ష వారంపాటు సాగింది. రోజుకు ఆరుసార్లు భవనం ఖాళీ అయ్యేది. నాలుగో రోజుకల్లా ఉద్యోగులు మూడో విజిల్ ఎప్పుడొస్తుందో ముందే కనుక్కుని, గొడుగులు, సంచులు సర్దుకుని సిద్ధంగా కూర్చోసాగారు.

కెమిస్టు నివేదిక పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. ఆయన నిజానికి చాలా మంచి మనిషి. ఎవరినీ నొప్పించలేరు, భయపడేవాళ్ళనైతే అసలే నొప్పించలేరు.

"కూర్చోండి మేడం. ఫారం నింపేశారా?"

"నింపలేకపోయాను సార్. ఇందులో తీవ్ర ప్రమాదం, ఓ మోస్తరు ప్రమాదం, రాబోయే ప్రమాదం, దాచిపెట్టిన ప్రమాదం అని నాలుగే గళ్ళున్నాయి. ప్రమాదం లేదు అన్న గడి లేదు."

"అవును. ఇన్నేళ్ళలో ఎవరికీ అవసరం పడలేదు."

"నాకు పడింది."

డైరెక్టరుగారు ఇబ్బందిగా కదిలారు. "గడి పెట్టాలంటే ఫారం మార్చాలి. మరి ఫారాలు మార్చేస్తారేమోనని జనంలో ఒక ఆందోళన ఉంది మేడం. రెండో కౌంటర్లో రిజిస్టరైంది కూడా."

చివరికి ఇద్దరికీ ఒప్పుదలైన వాక్యం ఒకటి బయటికి వెళ్ళింది: "ప్రమాదం ఉన్నట్టు ఇప్పటివరకు ఆధారాలు దొరకలేదు." మర్నాడు పత్రికలో పెద్ద అక్షరాలతో వచ్చింది: మూడో విజిల్ ఆధారాల కోసం ముమ్మర గాలింపు.

ఆ సాయంత్రం టీవీవాళ్ళు ఆమెను చర్చకు పిలిచారు. ఎదుటి కుర్చీలో తెల్లకోటు వేసుకుని, వీడియోలో కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషే కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన్ని విజిల్ డాక్టరంటోంది. ఆయన డాక్టరేనన్నది నిజం. ఓడరేవుల నిర్వహణలో. రెండు పక్షాలకూ సమానంగా సమయమిస్తామని యాంకరమ్మ ప్రకటించింది. విజిల్ డాక్టరుకు పన్నెండు నిమిషాలు, కెమిస్టుకు నలభై సెకన్లు వచ్చాయి. (ఎవరి వాదన ఎంత పొడవో అంత అని ఛానలు తరువాత వివరణ ఇచ్చింది. "ఏమీ లేదు" అనడానికి నలభై సెకన్లు ఎక్కువే కదా.)

"సూటిగా చెప్పండి మేడం. నూటికి నూరు శాతం ప్రమాదం లేదంటారా?"

కెమిస్టు తన అలవాటు ప్రకారం తూచింది. "సైన్సులో నూటికి నూరు శాతమని దేన్నీ అనమండీ. కానీ..."

ఆ "కానీ" తరువాత ఆమె చెప్పిన మాట చాలా బాగుంది, చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉంది. ఆ సమయంలో తెర మీద సబ్బు ప్రకటన వస్తోంది.

ప్రకటన అయ్యాక విజిల్ డాక్టరు గొంతు సవరించుకుని, "నేను నూటికి రెండొందల శాతం చెబుతున్నాను" అన్నాడు.

"ఒకరేమో వంద కూడా చెప్పలేకపోతున్నారు, ఇంకొకరు రెండొందలు చెబుతున్నారు. ఇక ప్రేక్షకులే తేల్చుకోవాలి" అంది యాంకరమ్మ.

ప్రేక్షకులు తేల్చుకున్నారు. డైరెక్టరుగారు మాత్రం ఎవరినీ నొప్పించకుండా మధ్యేమార్గం కనిపెట్టారు. మూడుకు అడ్డులేదని ఒకరు, రెండు దాటొద్దని ఇంకొకరు అంటున్నారు కాబట్టి, ఇకపై ఊళ్ళో ఏ కుక్కరైనా రెండున్నర విజిల్స్ దగ్గర ఆగాలి. అర విజిల్ అంటే ఏమిటో తేల్చడానికి ఉపసంఘం పదకొండుసార్లు సమావేశమైంది. 'కుయ్' అనే శబ్దంలో 'కు' వెలువడిన పిమ్మట, 'య్' వెలువడక మునుపు స్టవ్ ఆర్పవలెనని తీర్మానించింది.

అమలు కోసం ముప్పై మంది శ్రవణాధికారులను నియమించారు. వాళ్ళు పొద్దున్నే వంటింటి కిటికీల కింద చెవులు రిక్కించి నిలబడేవారు. ఒక ఇంట్లో పెంపుడు మైనా మూడో విజిల్ను అచ్చం కుక్కర్లాగే అనుకరిస్తోందని నోటీసిచ్చారు. (మైనా సమాధానం ఇచ్చింది. దాన్ని నాలుగో విజిల్‌గా నమోదు చేశారు.) ట్రాఫిక్ కానిస్టేబులు మూడోసారి ఈల వేయబోయి, చుట్టూ చూసి, చప్పట్లు కొట్టి సరిపెట్టుకున్నాడు. ఆటల మైదానంలో రెఫరీ ముగింపు ఈల రెండున్నర దగ్గర ఆపేయడంతో, మ్యాచి అయిందో లేదో తెలియక ఇరవై రెండు మంది సోమవారం దాకా ఆడుతూనే ఉన్నారు.

ఇంట్లో అత్తగారు స్టాప్‌వాచీ మెడలో వేసుకుని వంట చేయసాగారు. కెమిస్టుకు కూరగాయల గురించి బెంగ లేదు. అన్నం కాస్త పలుకుగా తిన్నా ఎవరికీ ఏమీ కాదు. "ఎర్ర చిక్కుడు గింజలు, అదే రాజ్మా, మాత్రం మీరు వండకండి అత్తయ్యా. అవి బాగా ఉడక్కపోతే వాటిలో సహజంగా ఉండే విషం పోదు. వాంతులవుతాయి" అంది.

"ఆవిరిలో విషం ఉందంటే లేదంటావు. ఎవరూ చెప్పని గింజలో ఉందంటావు. నువ్వూ నీ చదువూ!" అని నవ్వేశారు అత్తగారు.

తరువాతి వారం కెమిస్టు శాంపిళ్ళ పని మీద రెండు రోజులు పక్క ఊరు వెళ్ళింది. అదే సమయానికి రిటైరైన టెలిఫోన్ ఆపరేటర్ల సంఘం వార్షిక భోజనం వచ్చింది. వంట బాధ్యత అత్తగారిది. నియమం తప్పకుండా, 'య్' అననివ్వకుండా, నాలుగు పెద్ద కుక్కర్ల ఎర్ర చిక్కుడు గింజలు వండారు. పక్క వీధిలో శాఖ క్యాంటీనువాళ్ళూ అదే రోజు అవే వండారు. శ్రవణాధికారులు వచ్చి, విని, మెచ్చుకుని, కడుపునిండా తిని వెళ్ళారు.

కబురు అందుకుని కెమిస్టు తిరిగొచ్చేసరికి రెండు వందల పన్నెండు మంది ఆసుపత్రిలో ఉన్నారు. అత్తగారు చివరి మంచం మీద, చేతికి సెలైను పెట్టించుకుని, మొహం పీక్కుపోయి పడుకుని ఉన్నారు. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి కళ్ళు కూడా తెరవలేదు. కెమిస్టు ఆవిడ దుప్పటి సరిచేసి, మిగిలిన గింజలను పరీక్షకు తెప్పించింది.

సాయంత్రం డైరెక్టరుగారు పరామర్శకు వచ్చారు. వార్డంతా కలయజూసి, బరువుగా నిట్టూర్చారు. "చూశారా మేడం! రెండున్నరకే ఇలా ఉందంటే, మూడుకి ఇంకెలా ఉండేదో!"

"సార్, గింజలు ఉడక్క ఇలా అయింది. మిగిలినవి పరీక్ష చేశాను. ఇంకో ఆరేడు విజిల్స్ వచ్చి ఉంటే ఒక్కరికీ ఏమీ అయ్యేది కాదు."

"అంటే ఎలా చూసినా విజిల్ వల్లే."

"విజిల్ రాకపోవడం వల్ల సార్!"

"రెండింట్లోనూ విజిల్ ఉందిగా మేడం" అని ఆయన ఎంతో ఓపికగా నచ్చజెప్పి, పరిమితిని ఒకటిన్నరకు తగ్గిస్తూ ముసాయిదా మీద సంతకం చేశారు. అభ్యంతరాలుంటే గురువారం బహిరంగ విచారణలో చెప్పుకోవచ్చు.

మర్నాడు మధ్యాహ్నానికి అత్తగారు తేరుకున్నారు. కెమిస్టు చెంచాతో గంజి పడుతూ, అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "అన్నిసార్లు చెప్పాను కదా. ఎందుకు వినలేదత్తయ్యా?"

అత్తగారు గంజి మింగారు. "నువ్వు చెప్పేటప్పుడు నీ మొహంలో భయం కనబడదమ్మా. వాడు ఏడుస్తూ చెప్పాడు. ఊరూ పేరూ తెలియని మనకోసం ఏడ్చేవాడు అబద్ధమెందుకు చెబుతాడనుకున్నా."

కెమిస్టు చెంచా కప్పులో వదిలేసింది. ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "నిన్న మిమ్మల్ని ఈ మంచం మీద చూశాను. భయమేసింది అత్తయ్యా. నూటికి నూరు శాతం."

అత్తగారు సూది లేని చేత్తో కోడలి చెంప తుడిచారు. "ఇంట్లో ఆ పెద్ద కుక్కరుంది చూడు, గురువారానికి దాన్ని తోమిపెట్టు" అన్నారు.

విచారణ హాలు కిటకిటలాడిపోయింది. వేదిక మీద డైరెక్టరుగారు, ఆయన పక్కన విజిల్ డాక్టరు. అత్తాకోడళ్ళు కరెంటు పొయ్యి, నానబెట్టిన గింజలు, కుక్కరు తెచ్చి నేరుగా వేదిక బల్ల మీద పెట్టారు. ఏ నిబంధన కిందా విచారణలో వంట నిషిద్ధం కాదు. (ఎవరికీ ఆ ఆలోచన రాక.) మొదటి విజిల్‌కు హాల్లో మాటలు ఆగిపోయాయి. రెండోదానికి కుర్చీలు కిర్రుమన్నాయి. అత్తగారు లేచి నిలబడి, ముప్పై ఏళ్ళ కిందటి గొంతుతో, "మూడో కాల్ కలుపుతున్నాను. దయచేసి లైన్లో ఉండండి!" అన్నారు.

కుక్కరు కుయ్‌మంది. 'య్' తో సహా.

లైన్లో ఎవరూ లేరు. హాలు ఖాళీ. విజిల్ డాక్టరు అందరికన్నా ముందు గుమ్మం దాటి, బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డైరెక్టరుగారు మాత్రం బల్ల కింద ఉండిపోయారు (అధ్యక్షులు సభ ముగియకుండా వెళ్ళరాదు). నాలుగో విజిల్‌కు కిటికీల దగ్గర తలలు కనిపించాయి. ఏడోదానికి ధైర్యవంతులు గుమ్మంలోకి వచ్చారు. పదోదానికి లోపల లెక్కపెట్టేవాళ్ళ గోల మొదలైంది. పన్నెండుకు కెమిస్టు పొయ్యి కట్టేసి, ఆవిరంతా పోయాక మూత తీసి, గింజ ఒకటి వేళ్ళ మధ్య నలిపి చూపించింది. వెన్నలా నలిగింది. ఇద్దరూ అందరి ముందూ ప్లేటు నిండా వడ్డించుకుని తిన్నారు.

"ప్రభావం వెంటనే తెలియదు! ముందు మోకాళ్ళు పోతాయి!" అని గుమ్మం అవతలి నుంచి విజిల్ డాక్టరు అరిచాడు.

అత్తగారు వేదిక మెట్లు మూడుసార్లు ఎక్కి దిగారు.

"తరువాత జ్ఞాపకశక్తి!"

"దానిదేముంది నాయనా" అంటూ ఆవిడ హాలంతా పారజూశారు. "మూడో వరస నీలం చొక్కా, మీ ఇంటి పాత నంబరు అరవై ఒకటి పద్దెనిమిది. రెండేళ్ళు బిల్లు కట్టక లైను తీసేశారు. ఆ పక్కనమ్మా, మీది నలభై నాలుగు సున్నా రెండు. ఇక డైరెక్టరు బాబూ, మీ నాన్నగారి ఆఫీసుది డెబ్బై రెండు నలభై. రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన ఏ నంబరు అడిగేవారో కూడా చెప్పమంటారా?"

బల్ల కింది నుంచి డైరెక్టరుగారి గొంతు వినిపించింది. "జ్ఞాపకశక్తి పరీక్ష సంతృప్తికరంగా ముగిసినట్టు నమోదు చేయండి."

హాలు గొల్లుమంది. నవ్వు ఎవరు మొదలుపెట్టారో గానీ వీధిదాకా పాకింది. నెల రోజులుగా ఊపిరి బిగబట్టిన జనం పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. శ్రవణాధికారి ఒకాయన సిగ్గుపడుతూ వచ్చి ప్లేటు పట్టాడు. ఆ మర్నాడు పొద్దున వీధివీధినా కుక్కర్లు కూత పెడుతుంటే కెమిస్టు ఆఫీసుకు నడిచి వెళ్ళింది. ఏ కిటికీ కిందా ఎవరూ లేరు. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టిన రోజులాగా ఆమెకు ఊరికే నవ్వొస్తూనే ఉంది.

ఉత్తర్వు రద్దయింది. మూడో విజిల్ ముప్పును ప్రజల సహకారంతో సకాలంలో అదుపు చేశామని శాఖ ప్రకటించింది. సకాలంలో హెచ్చరించినందుకు విజిల్ డాక్టరుకు శాలువా కప్పారు. ఆయన ప్రస్తుతం లిఫ్టుల్లో అద్దాలు మనిషి ఎత్తు తగ్గిస్తున్నాయన్న విషయం మీద ఏడుస్తున్నాడు. కెమిస్టుకు కూడా కాగితం వచ్చింది. ప్రభుత్వ కరెంటుతో గింజలు ఉడికించినందుకు సంజాయిషీ ఇమ్మని.

సంజాయిషీ రాసిచ్చి, ఆమె ఇంకో కాగితం తీసుకుంది. ఎర్ర చిక్కుడు గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా అయ్యేదాకా ఉడికించాలి, లేకపోతే జబ్బుపడతారు అని మూడు వరుసల్లో రాసి, ఊరి నోటీసు బోర్డులన్నిటి మీదా అతికించడానికి అనుమతి కోరింది. అత్తగారు ఆ మూడు వరుసలనూ తన ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ పంపారు. ఎవరూ ముందుకు పంపలేదు. ఒకావిడ మాత్రం, "ఇందులో విదేశీ శాస్త్రవేత్తలెవరూ లేరేమిటండీ?" అని అడిగింది.

ఏడు వారాల తరువాత శాఖ నుంచి జవాబు వచ్చింది. కెమిస్టు నిలబడే చదివింది.

"విషయము: ఉడకని గింజలు. బాధితులు: రెండు వందల పన్నెండు. భయపడుతున్నవారు: ఇద్దరు, ఒకే ఇంటివారైనందున ఒకరిగా లెక్కించడమైనది. సదరు ప్రమాదము వాస్తవమే అయినప్పటికీ, దానిని గూర్చి ప్రజలలో తగినంత ఆందోళన లేనందున, ఎట్టి చర్యయు అవసరము లేదని తెలియజేయడమైనది."